మంగయ్య ముప్పయొక్క మ్యాచులు

ఎవలు, మంగయ్యనా? నిడమనూరు మంగయ్యనా? ఓరి, గా పేరు నీకెవలు చెప్పిండ్రు బిడ్డా! కూసో, ముందుగాల కూసో. గా కుర్చీ గాదు, దానికి ఓ కాలు లేదు, నిన్న మా పక్కింటాయన కూసోని నడుం పట్టిచ్చుకున్నడు. గీ మంచం మీద కూసో. జానకమ్మా, జర ఛాయ్ పెట్టు, కోదాడకెల్లి డ్రిల్లు మేడం వచ్చింది. పేరేమంటివి? దేవిక. ఆఁ, దేవిక మేడం. నవ్వకు. నేను గూడ జిందగీ మొత్తం డ్రిల్లు సారునే, నాకు డ్రిల్లు మేడమంటె కలెక్టరమ్మ కంటె ఎక్కువ. ఏంది, పుస్తకమా? మన మూడూర్ల బేస్‌బాల్ లీగు మీదనా? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ? అగో, గది ఎవలు సదువుతరమ్మా! ఇప్పుడు సూర్యాపేటల నిలవడి బేస్‌బాల్ అంటె బేసిన్ కొననీకె వచ్చిండేమో అనుకుంటరు. సరే, ఎవ్వలు సదువకున్నా నేను సదువుత, నువ్వు రాయి. మొదటి బంతి నుంచి ఆఖరు బంతి దాంక ఒక్కడే ఏసిన మ్యాచులు ఎవలియి ఎక్కువ అని గదా నీ లెక్క? కాగితం గీడ వెట్టు, నా అద్దాలియ్యి. అరె, శ్రీకాంత్ పేరు ఎందుకు మీద రాసినవ్? పద్నాలుగా? సూర్యాపేట శ్రీకాంత్ మంచోడే, బంతి జోరుగ ఏసెటోడు, కాదంటలేను. కాని ఆరో ఇన్నింగు రాంగనే సోడా అడిగెటోడు, సోడా తాగినంక కడుపుబ్బరమని కూసునెటోడు. మంగయ్యయి ముప్పయొక్కటి. మాకు ఆడింది ముప్పై రెండు మ్యాచులు, అండ్ల ముప్పయొక్కటి మంగయ్య మొదలువెట్టిండు, మంగయ్యనే ఖతం చేసిండు. శ్రీకాంత్‌ను కిందికి దించు.

ఆట ఎట్లొచ్చిందంటవా? ఎనభై ఐదు. నేనప్పుడు మిర్యాలగూడల పనిచేస్తున్న. హైదరాబాదుల పదిరోజుల క్యాంపు పడ్డది. మా హెడ్మాస్టరు నన్ను పిలిచి, "దామోదరూ, ఏందో బేసుబాలంట, ఎవ్వడు పోనంటుండు, నువ్వు పోయిరా, జర ఎండల నడుం వంగుతది" అన్నడు. నా నడుం మీద ఆయనకు ముందుకెల్లే కోపం. పోయిన. పదొద్దులల్ల ఎనిమిదొద్దులు ఉపన్యాసాలు, రెండొద్దులు ఆట. వచ్చేటప్పుడు ఒక బ్యాటు, రెండు గ్లౌజులు, బ్యాటోని ఎనుక కూసోని బంతి పట్టే క్యాచరు మొకానికి కట్టుకునే జాలి ఒకటి ఇచ్చిండ్రు. గా జాలి కట్టుకోని ఇంట్లకు పోతె మా జానకమ్మ ఒక్క కేక వెట్టింది సూడు, వాడకట్టు మొత్తం ఉరికొచ్చింది. అడుగు కావాలంటె, లోపలనే ఉన్నది. కోదాడ సారొకాయన, సూర్యాపేట సారొకాయన గా క్యాంపుకే వచ్చిండ్రు. ముగ్గురం బస్సుల వచ్చుకుంట మాట్లాడుకున్నం. మూడూర్లకు మూడు టీములు కడదాం, వానకాలం కోతలయినంక మొదలువెట్టి ఉగాది దాంక ఆడదాం అని. గ్రౌండు యాడిది? కోసిన మడే గ్రౌండు. కొయ్యకాళ్లు చెక్కి, నీళ్లు కొట్టి తొక్కించినం, నడుమ బంతి ఏసే పిచ్చరు నిలవడనీకె మట్టి కుప్ప పోసినం. మా టీముల మిల్లుల పనిచేసేటోళ్లు నలుగురు, కాలేజిల సదివేటోళ్లు ఇద్దరు, తండకెల్లి ఫకీరా, ఆర్టీసీ కండక్టరు ఒకాయన, ఇగ నేను. కోచ్‌ను నేనే, క్యాచర్‌ను నేనే, పొద్దుగాల గీతలకు సున్నం పోసేది గూడ నేనే.

నీకు తెలిసిందే గని, సదివేటోనికి తెల్వది, గిది రాసుకో. క్రికెట్ల లెక్క ఆరు బంతులకొకడు మారుడు గాదు. ఇండ్ల పిచ్చరు ఒక్కడే ఏస్తనే ఉంటడు, తొమ్మిది ఇన్నింగులు, నూరు బంతులో నూటయాభయో. చెయ్యి గుంజితె దించొచ్చు, ఇంకొకణ్ణి ఎక్కియ్యొచ్చు. తప్పు గాదు. కాని దించినోణ్ణి మల్ల ఎక్కించేటట్టు లేదు. అందుకే ఒక్కడే మొత్తం ఏసుడంటె గంత పేరు. మాకేమో పిచ్చరు దొరుకుతలేడు. ఫకీరా ఏసెటోడు. బలమున్నది, కాని బంతి యాడికి పోతదో ఆయనకే తెల్వకపోవు. ఒకపారి ఏస్తె రోడ్డు మీద సైకిల్ల పోతున్న పాలాయన క్యానుకు తాకింది. పాలాయన దిగి వచ్చి, కొట్లాడలే పాపం, "ఇంకొకటి ఏయి సూస్త" అన్నడు. ఏసిండు. గది మా హెడ్మాస్టరు దిక్కు పోయింది.

గా ఏడే సంక్రాంతికి ముందు నిడమనూరు పోయిన, మా మేనమామ కల్లం కాడికి. వడ్లు తూర్పారవట్టి రాశి పోసిండ్రు. కొలువనీకె మంగయ్యను పిలిచిండ్రు. గొర్లు కాసేటోళ్ల ఇల్లు ఆయనది, తాతల నాటి నుంచి మందనే బతుకు. రాశి కొలుసుడు ఆయనకు కూలి గాదు, పిలుపు. "మంగయ్య చెయ్యి మంచిది" అని సుట్టుపక్కల నాలుగూర్లు పిలిచేటోళ్లు. ఆయనకు గా పిలుపే కావాలె. కల్లం రమ్మంటె, ఇంట్ల పెండ్లున్నా సరే, తానం చేసి తలకు తువ్వాల సుట్టి వచ్చెటోడు. మీ కాలపోళ్లకు తెల్వది గద, రాశి సుట్టు బూడిదతోని గీత గీస్తరు. కొలిచేటాయన తూర్పుమొకం కూసుంటడు. మొదటి కుంచానికి ఒకటి అనడు, లాభం అంటడు. లాభం, రెండు, మూడు... ఇగ గంతే. గా లెక్క తప్ప ఇంకో మాట నోట్లకెల్లి రావొద్దు. నడుమ లేవొద్దు, కుంచం ఇంకొకని చేతికియ్యొద్దు. ఇస్తె బర్కత్ పోతదని, రాశి పెరగదని. అడుక్కు వచ్చినంక, మన్నూ గింజా కలిసిన కాడ, కుంచం బోర్లిచ్చి "అడుగు" అంటడు. గా అడుగు కొలువరు. అది పనిచేసినోళ్లది, ఊడ్సుకపోతరు. నేను గట్టు మీద కూసోని సూస్తున్న. అవతల విత్తనాలకని ఆరవోసిన వడ్లల్ల మ్యాకపోతు ఒకటి వచ్చి మూతి వెట్టింది. అందరు పనిల ఉన్నరు. మంగయ్య సూసిండు. నోరు తెరిచి అదిలియ్యరాదు గదా. "నలభై ఏడు" అన్నడు, పక్కకున్న మట్టిపెడ్డ తీసి ఇట్ల ఏసిండు, "నలభై ఎనిమిది" అన్నడు. యాభై గజాలుంటది బిడ్డా. పోతు కొమ్ము మీద పడ్డది పెడ్డ. నేను గట్టు మీదికెల్లి లేసి నిలవడ్డ.

రాశి అయినంక పక్కకు తీస్కపోయి చెప్పిన. "ఆటనా సారూ? నాకు ముప్పై నాలుగేండ్లు, మా ఆండాలు నవ్వుతది" అన్నడు. ఆండాలు ఆయన పెండ్లాం. "నవ్వనియ్యి మంగన్నా, నువ్వు చెయ్యాల్సింది ఏం లేదు, రాశి కొలిచినట్టే. నిలవడి ఒకటెనుక ఒకటి ఏసుడే" అన్న. గా మాట నేనే అన్న. ఇంకొక తీరుగ చెప్తె అయిపోవు, కాని నా నోట్లకెల్లి గదే వచ్చింది. ఆయన మొకం ఇట్ల విచ్చుకున్నది. "గట్లనా? అయితె వస్త" అన్నడు.

వచ్చిండు. మొదటి మ్యాచు పొద్దున బోరింగు కాడ తానం చేసిండు, తువ్వాల సుట్టిండు. టోపి పెట్టుకోమంటె తువ్వాల మీదనే పెట్టిండు, జోకరు లెక్క. మట్టి కుప్ప ఎక్కి తూర్పుమొకం తిరిగిండు. నేనేమో పడమట కూసున్న. "మంగన్నా, ఇటు ఇటు" అని నేను మొత్తుకుంటుంటె, తూర్పు దిక్కు ఒక్కసారి మొక్కి నా దిక్కు తిరిగిండు. పెదవులు కదిలినయి. లాభం. నా గ్లౌజుల బంతి పడ్డ సప్పుడుకు అవతలి టీమోడు బ్యాటు కింద వెట్టిండు. రెండు. మూడు. నేను వేళ్లతోని సైగలు చేస్తుంటి గద, పక్కకు ఏయి, కిందికి ఏయి అని, తల ఊపెటోడు, ఏసేది మాత్రం ఆయన ఇష్టం. తొమ్మిది ఇన్నింగులు గట్లనే. మేం బ్యాటింగు చేస్తుంటె పక్కకు కూసునెటోడు, అప్పుడు గూడ మాట లేదు, లెక్క తప్పిపోతదని. నీళ్లు కావాలన్నా చెయ్యి సూపెట్టుడే. ఆఖరోడు అవుటైనంక బంతి నేల మీద వెట్టి, ఊరంత ఇనేటట్టు, "సారూ, రాశి అయింది, నూట ఇరవై ఆరు!" అన్నడు. మా కండక్టరు టికెట్ల ఎనుక గీతలు గీసిండు, నూట ఇరవై ఆరే.

ఇగ కోదాడ పోయినమా, గాడ మొత్తం ఆంధ్రా దిక్కు మాట గదా, నీకెర్కే. కోదాడ సారు నా దగ్గరికొచ్చి మెల్లగ, "ఏమండీ దామోదర్ గారూ, మీ పిచ్చరు గారికి పుట్టుకతోనే మాట లేదాండీ? పాపం ఎంత బాగా వేస్తున్నాడండీ" అన్నడు. ఔనండి అన్న. ఎందుకన్ననో నాకే తెల్వది, నాకు గట్ల నవ్వులాట ఎక్కువ. ఊరంత పాకింది. మూడో ఇన్నింగుకు ఒక పెద్దమ్మ చెంబుల మజ్జిగ తెచ్చి, చేతులు ఊపుకుంట, "తాగు నాయనా, తాగు" అని సైగలు. మంగయ్య గూడ సైగలతోనే దండం వెట్టి తాగిండు. మ్యాచు అయినంక, "రాశి అయింది, నూట నలభై రెండు!" అని కేకేసిండు సూడు, పెద్దమ్మ చేతిల చెంబు కింద పడ్డది. "అమ్మో, మాట వచ్చేసిందర్రా!" అని ఏడుస్తది, చెంబు తీసుడే లేదు ఇంక. వాడకట్టోళ్లంత వచ్చి మంగయ్యను సూసిపోయిండ్రు. సూర్యాపేటల గంతకంటె ఎక్కువ. అంపైరు పోస్టాఫీసుల పనిచేసేటాయన, జర బింకం మనిషి. "నీ పేరేందయ్య" అన్నడు. జవాబు లేదు. "నిన్నే, పేరేంది?" జవాబు లేదు. "మర్యాద లేదా, అంపైరుతోని మాట్లాడవా?" అని బయటికి పంపుతనన్నడు. నేను ఉరికిపోయి కల్లం సంగతి చెప్పిన. ఆయనది గూడ పల్లెటూరే అనుకుంట, ఇన్నడు, ఇని మంగయ్య దిక్కు సూసి, "కొలువు తీ అయ్య, కొలువు" అన్నడు. ఇగో ఛాయొచ్చింది, తాగు. బిస్కెట్లు నువ్వే తిను, నాకు షుగరు, జానకమ్మ సూస్తున్నది.

గ్రౌండుల గట్ల గని, బయట మంగయ్య అంత మాటకారి మీ జిల్లాల లేడు. మ్యాచంత ఆపుకున్న మాటలు బస్సుల తీసెటోడు. మిర్యాలగూడ బస్సెక్కినప్పటి నుంచి దిగేదాంక, ఆడెవడు బ్యాటు ఎట్ల పట్టిండు, ఈడెవడు ఎట్ల మిటకరించిండు, అందరి మాట అందరి నడక చేసి సూపెట్టెటోడు. డ్రైవరు నవ్వలేక బస్సు పక్కకు ఆపిన దినాలున్నయి. ఇంటికి పోతె ఇంకేంది, ఆండాలు జొన్నరొట్టెలు కాల్చి, ఈ మోచేతుల దాంక కారేటట్టు పెరుగు వోసేది. "ఏం ఆట సారూ ఇది, పదిమంది నిలవడితె మా ఆయనే ఏసుడేంది, మిగిలినోళ్లకు చేతుల్లేవా" అనేది. మంగయ్య లోపలికెల్లి, "రాశి ఎందరు కొలుస్తరే!" అనెటోడు. ఎన్నిమాట్ల చెప్పిన నేను, మంగన్నా, ఇయ్యాల అల్కటి మ్యాచు, ఐదు ఇన్నింగులు ఏసి దిగు, ఫకీరా ఏస్తడు అని. ఊహూఁ. "నడుమల చెయ్యి మారొద్దు సారూ." గంతే. ఫకీరా పాపం మూడేండ్లు అవతలి మూలకు నిలవడి బంతి కోసం సూసుకుంటనే ఉన్నడు. నాకు మంగయ్య అంటె పానం బిడ్డా. మా తోడబుట్టినోళ్లతోని గూడ గంత నవ్వలే నేను. ఇప్పటికీ ఎవలన్న బస్సుల జోరుగ మాట్లాడుతుంటె ఎనుకకు మర్రి సూస్త.

మూడో ఏడు చెయ్యి పట్టుకున్నది. మోచెయ్యి కాడ. మాకేం తెల్సు, ఇప్పటి లెక్క ఐసు, ఫిజియో, గిన్ని బంతులే ఏయాలె అనుడు ఉండెనా? ఆముదం రాసి గుడ్డ కట్టుడే. ఎనభై ఎనిమిది ఉగాదికి ముందు కోదాడల ఫైనలు. కోదాడ మీద మేం. పొద్దుగాల మిర్యాలగూడ బస్టాండ్ల ఆండాలు గూడ వచ్చింది. ఏనాడు రాలే, గా దినం వచ్చింది. మంగయ్య మూట తీస్కోని బస్సుల సీట్లు ఆపనీకె పోయిండు, గింతల ఆమె నా దగ్గరికొచ్చి, "సారూ, నీ కాళ్లు మొక్కుత, ఎవ్వలకు చెప్పకు. ఐదొద్దులాయె, ఆయన కుడిచెయ్యి నోటిదాంక లేస్తలేదు. నేనే తినిపిస్తున్న. నేను దిగుమంటె ఇనడు. నువ్వు దించితె దిగుతడు. రేపొద్దుగాల కల్లం కాడ కుంచం ఎత్తకపోతె గాయన బతుకడు సారూ" అన్నది. సూస్త తియ్యమ్మా అన్న. గీ సంగతి గూడ రాయి. నాకు గా ఏడు కప్పు కావాలె బిడ్డా. అసోసియేషనోళ్లు మాటిచ్చిండ్రు, మిర్యాలగూడ కప్పు కొడితె రాష్ట్రం టీముకు నన్ను కోచ్‌గ తీస్కపోతమని. బ్లేజరిస్తరు, నీలిది, జేబు మీద బొమ్మ ఉంటది. కలల గూడ అదే బ్లేజరు.

ఫైనల్ల జనం మస్తు. కోదాడోళ్లు ట్రాక్టర్లు తెచ్చి సుట్టు నిలవెట్టిండ్రు, వాటి మీద జనం. మంగయ్య మొదలువెట్టిండు, నాలుగు ఇన్నింగుల దాంక ఏం కాలే. మాకు నాలుగు పరుగులు, వాళ్లకు ఒకటి. ఐదు, ఆరు రెండిట్ల కలిపి ఇంకొకటి ఇచ్చిండు. ఏడో ఇన్నింగు నడుమ నేను జాలి తీసి చేతిల వట్టుకోని మట్టి కుప్ప కాడికి పోయిన. అందరు సూస్తున్నరు. బంతి ఇయ్యమని చెయ్యి సాపిన. ఇయ్యలే. నా దిక్కు గూడ సూస్తలేడు. అప్పుడు నేను, "మంగన్నా, అడుగుకు వచ్చినం. అడుగు కొలువొద్దు గదా. అది పనిచేసినోళ్లది. ఫకీరాకు ఇడిసిపెట్టు" అన్న. ఆయన ఫకీరా దిక్కు సూసిండు, మూడేండ్ల నుంచి మూలకు నిలవడ్డ మనిషి. నా దిక్కు సూసిండు. బంతిని మట్టి మీద బోర్లిచ్చినట్టు వెట్టి దిగిపోయిండు. ఆండాలు ట్రాక్టరు పక్కకెల్లి ఉరికొచ్చి గుడ్డ కట్టింది. ఫకీరా సంగతి చెప్పొద్దు! మొదటి బంతి ట్రాక్టరు లైటుకు తాకింది. గాయన యాడ ఏస్తడో గాయనకే తెల్వదు గద, కోదాడోళ్లకు అసలే తెల్వదు. బెదిరిపోయిండ్రు. ఒక్క పరుగే ఇచ్చి, ఆఖరు బంతి మా కండక్టరు బొక్కబోర్ల పడి పట్టిండు. నాలుగు మూడు. కప్పు మాది. టీమోళ్లంత మంగయ్యను ఎత్తుకోని, "ఎంతయిందే, ఎంతయిందే?" అంటె, "లెక్క తప్పిన" అన్నడు. అందరు నవ్విండ్రు.

పేరు నాకొచ్చింది. మూడూర్లల్ల ఎవలను అడిగినా, దామోదర్ సారంటె దామోదర్ సారే, ఫైనల్ల గూడ కప్పు సూసుకోలే, మనిషిని సూసుకున్నడు, కల్లం మాట చెప్పి మర్యాదగ దించిండు అని. ఆండాలు నిజంగనే నా కాళ్లు మొక్కింది, గంత జనంల. బ్లేజరు వచ్చింది. మంగయ్య చెయ్యి మాత్రం రాలే. నోటిదాంక వచ్చింది, తింటుండె, గొర్లను అదిలిస్తుండె. భుజం మీదికి లేవలే. కుంచం నింపి బస్తాల పొయ్యాలంటె చెయ్యి లేవాలె గదా. ఒక ఏడు పిలిచిండ్రు, రెండు ఏండ్లు పిలిచిండ్రు, పోలే. ఇగ పిలుసుడు బందు వెట్టిండ్రు. ఎడమచేత్తోని ఎవలు కొలిపిచ్చుకుంటరు? నాతోని మాత్రం ఏం తేడా లేదు. గొర్రె ఈనితె జున్ను పంపెటోడు, పండుగకు బస్సెక్కి వచ్చి మా జానకమ్మను నవ్విచ్చిపోయెటోడు. పోయి పదిహేనేండ్లాయె. నిద్రలనే పోయిండు.

ఏం రాసినవ్ అమ్మా, జర సదువు. ఆఁ... ఆఁ... "మూడేండ్లల్ల ఏ ఒక్కనాడూ తనను దించమని అడుగలేదు." ఊఁ. ఎవలు చెప్పిండ్రు గది? అందరు. ఔ, అందరు గదే అంటరు. ఆయన దినం నాడు గూడ గదే అన్నరు. ఫకీరా లేసి చెప్పిండు, నోరు తెరిచి ఏనాడన్న అడిగిండా, గసొంటి మనిషి అని. అందరు తల ఊపిండ్రు, నేను గూడ ఊపిన. గా లైను కొట్టెయ్యి. ఎందుకంటె ఏంది, కొట్టెయ్యి. ఆగు, చెప్త.

ఐదో ఇన్నింగుల బంతి ఒకటి నా మీదికెల్లి పోయింది. తెచ్చి చేతికిద్దామని నేనే కుప్ప కాడికి పోయిన. మంగయ్య నా జాలి దాంక వంగిండు. "సారూ, అయితలేదు, దించు" అన్నడు. మూడు మాటలు. మూడేండ్లల్ల గా మట్టి కుప్ప మీద మ్యాచు నడుమ నోరు తెరిచి నాతోని మాట్లాడింది గా మూడు మాటలే. రాశి నడుమ మాట్లాడిండు బిడ్డా గాయన. గది ఆయనకు ఎంతో నాకు తెల్సు, ఆయనకంటె నాకే ఎక్కువ తెల్సు. నాకు సక్కగ ఇనవడ్డది. జనం గోల గీల ఏం లేదు, సక్కగ ఇనవడ్డది. బంతి ఆయన చేతిల వెట్టి, భుజం మీద తట్టి, ఇననట్టే తిరిగొచ్చి కూసున్న. కప్పు పోతదని. మల్ల అనలే. ఏసిండు. కాని పెదవులు కదులుతలేవు. గాడికెల్లి ఇంకా నలభై బంతులు ఏసిండు. ఆయన లెక్క వెట్టలే, నేను వెట్టిన. ఏడో ఇన్నింగుల పోయి అడుగు గిడుగు అని చెప్పినంటి గదా, గది ఆయన మీద పావురంతోని, ప్రేమతోని గాదు. బంతి నా దాంక వస్తలేదు. గప్పుడు పోయిన. గా మాట అన్నప్పుడు ఆయన నా దిక్కు సూసిండని చెప్పిన గదా. అంతే, సూసిండు. ఆ తర్వాత ఇరవై ఏండ్లు నా ఇంట్ల అన్నం తిన్నడు, నవ్విండు, నవ్విచ్చిండు, గా మాట ఎత్తలే. నేను ఎత్తుతననుకున్న. ఎత్తలే.

ఆండాలుకు తెల్సో లేదో నాకు తెల్వది. రేపు నిడమనూరు పోతున్నవ్ గదా మంగయ్య ఫోటో కోసం, ముందుగాల ఆమెకు చెప్పు, తర్వాత ఫోటో అడుగు. ఇయ్యకపోతె ఇయ్యకపోయె. కొట్టేసినవా? దాని తావుల, ఒక్కపారి అడిగిండు అని రాయి. ఎవలను అడిగిండో గూడ రాయి. ఉత్త దామోదర్ సారు అని రాస్తె నడువది. నా పేరు పూర్తిగ రాయి, ఇంటిపేరుతోని.